కంచె వేసిన పట్టాలు

కంప్యూటర్ తీగ ఆ ఇంటి పెద్దకొడుకు చేతిలో వేలాడుతోంది. గోడలోంచి లాగిన ఊపుకి ప్లగ్గు వచ్చి అతని మోకాలికి తగిలింది. అది కూడా అతను పట్టించుకోలేదు.

నల్లబడిన తెర ముందు కోడలు అలాగే కూర్చుంది. మౌసు మీంచి చెయ్యి తియ్యలేదు.

"చాలు," అన్నాడు పెద్దవాడు భార్యతో. "ఇవాళ్టికి చాలు. నిన్నటికీ చాలు. ఇంక ఈ ఆట చాలు."

అతని తమ్ముడు తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆ చిన్నవాడిది. వారమంతా ఏదో ఒక మేడలో ఇరుక్కుని, ఆదివారం మాత్రం ఇంట్లో ఉంటాడు. ఆ కంప్యూటరూ, అందులో ఆటా అతనివే. వదినకి నేర్పింది కూడా అతనే.

"అన్నయ్యా! అలా లాగేస్తే ఎలా? సేవ్ అయిందో లేదో! వదిన పొద్దుటినుంచీ ఆ కొండ తవ్వుతోంది."

"తవ్వనీ. కొండలు తవ్వే ఉద్యోగం ఎక్కడైనా ఖాళీ ఉంటే చూసిపెట్టు. ఉన్న ఉద్యోగం ఎలాగూ..."

మాట మధ్యలో మింగేశాడు. మింగేసిన మాటే గదిలో అందరికీ వినిపించింది.

మంచం అంచున కూర్చుని బీన్స్‌కి ఈనెలు తీస్తున్న అత్తగారు తలెత్తి కొడుకు వంక చూసింది. ఈ ఇంట్లో ఈ మధ్య ఎవరూ ఏమీ అనడం లేదు. అందరూ అలిసిపోయి ఉన్నారు.

రైలింజను నడిపే కోడలు రైలు పేరెత్తడం మానేసి వారాలు గడిచాయి. వంపు దగ్గర పట్టాల మీదకి వచ్చి నిలబడ్డ మనిషి గురించి గానీ, బ్రేకు వేసినా ఆగని బండి గురించి గానీ ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. విచారణలో ఆమె తప్పేమీ లేదని తేల్చారు. విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ విశ్రాంతంతా ఈ కుర్చీలోనే గడిచిపోతోంది.

ఆటంటే అందులో గెలవడం, ఓడిపోవడం లేవు. అదంతా దిమ్మల లోకం. నేల దిమ్మలే, చెట్లు దిమ్మలే, ఆఖరికి మబ్బులూ దిమ్మలే. ఎవరికి తోచింది వాళ్ళు కట్టుకోవచ్చు. కోడలికి మొదటిరోజునుంచీ తోచింది ఒక్కటే. ఇనుము తవ్వడం, పట్టాలు చెయ్యడం, వాటిని వరసగా పరుచుకుంటూ పోవడం.

"మళ్ళీ డిపో నుంచి ఫోనొస్తే ఏం చెప్పమంటావు?" అన్నాడు పెద్దవాడు, ఈసారి గొంతు తగ్గించి.

కోడలు మొదటిసారి ఇటు తిరిగింది.

"మళ్ళీ ఏంటి? డిపో నుంచి నాకసలు ఫోనే రాలేదే."

పెద్దవాడు జేబు తడుముకున్నాడు.

"వచ్చింది. నీ ఫోను నా దగ్గరే ఉంటోంది కదా. మోగితే గుండె దడదడలాడుతోంది, మీరు తీసుకెళ్ళండని నువ్వేగా ఇచ్చావు."

"తీసుకెళ్ళమన్నాను. మాట్లాడమన్లేదు."

"ఎవరో ఒకళ్ళు మాట్లాడాలి కదా! మీ గురువుగారే చేశారు. పరాయివాళ్ళు కాదు."

గురువుగారంటే డిపోలో పెద్ద డ్రైవరు. ఆమెకి ఇంజను నేర్పినాయన.

"ఏమన్నారు?"

"ఎప్పుడొస్తుందీ అని."

"మీరేమన్నారు?"

పెద్దవాడు తీగని చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

"ఇంక బండి నడపదని చెప్పాను. ఆఫీసులో కుర్చీ పని ఏదైనా ఉంటే చూడమన్నాను. చూస్తానన్నారు."

"ఎవర్నడిగి చెప్పావు?"

అత్తగారి చేతిలో బీన్స్ కాయ అలాగే ఆగిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ కోడలు మొగుణ్ణి మీరు తప్ప మరో మాట అని ఎరుగదు.

"నిన్నడిగితే జవాబు చెప్పేదానివా?" అన్నాడతను. "ఆ రోజు ఇంటికొచ్చాక నీ బూట్లు విప్పింది నేను. నీకు గుర్తుందా? గుర్తుండదు. టీ ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నా గ్లాసు నిలవలేదు, సగం ఒళ్ళో పోసుకున్నావు. వేడిగా ఉందని కూడా నీకు తెలీలేదు. మళ్ళీ ఆ ఇంజన్లోకి నిన్నెలా పంపను? షాపులో కళ్ళజోళ్ళకి అద్దాలు కోస్తుంటే నా చెయ్యి కుదురుగా ఉండట్లేదు. నిన్న ఒకాయన అద్దం పగలగొట్టాను."

"వణికింది నా చెయ్యి. మానతానో లేదో చెప్పాల్సింది నేను."

"అయితే చెప్పు! నడుపుతావా?"

కోడలు తెర వైపు తిరిగింది. నల్లటి తెరలో ఆమె ముఖం మసగ్గా కనిపిస్తోంది. కాసేపు దాన్నే చూసింది.

"తెలీదు," అంది.

"తెలీదు," అన్నాడు పెద్దవాడు కూడా. వెక్కిరింపుగా కాదు. ఓపిక అయిపోయినవాడిలా. తీగని మెల్లగా బల్ల మీద పెట్టి వెనక వసారాలోకి వెళ్ళిపోయాడు.

చిన్నవాడే ముందు కదిలాడు. వంగి ప్లగ్గు పెట్టి, మీట నొక్కి, తెర వెలిగేదాకా గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

"బతికిపోయాం వదినా. కొండ ఉంది. సొరంగం కూడా ఉంది. చివర్లో కాస్త పోయిందంతే. నేను తవ్విపెడతాలే."

"వద్దు. నేనే తవ్వుకుంటాను."

"ఆ, నీకు కూలివాణ్ణి పెట్టుకునే అలవాటు లేదుగా."

ఆమె నవ్వలేదు. మామూలుగా మరిది మాటకి ఒక మాట ఎదురు విసరకుండా ఊరుకునే మనిషి కాదు.

అత్తగారు మోకాలి మీద చెయ్యి ఆన్చి, అబ్బా అనుకుంటూ లేచింది. బీన్స్ పళ్ళెం పట్టుకుని వచ్చి కోడలి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్ళలో ఆవిడ ఆ తెర దగ్గరికి రావడం ఇదే మొదలు.

"ఏదీ, చూడనీ. ఇంటిల్లిపాదీ కొట్టుకు చచ్చేంత ఏం కట్టావో."

కోడలు మౌసు కదిపి చూపించింది. కొండ కింద స్టేషను. అక్కడినుంచి సొరంగం. సొరంగం దాటితే చెరువు, చెరువు పక్కన వంపు తిరిగి చిన్న ఊరు, ఊరవతల పొడుగాటి మైదానం, ఆ చివర సముద్రం. అంత దూరమూ పట్టాలు. పట్టాలకి రెండు పక్కలా కంచె. ఎక్కడా తెగలేదు.

"ఈ దడి ఎందుకే?"

"గొర్రెలు రాకుండా."

"అక్కడ గొర్రెలేం కనబడట్లేదుగా."

"ఎప్పుడైనా రావచ్చత్తయ్యా."

"మరి ఈ ఊళ్ళో వాళ్ళు అటూ ఇటూ ఎలా పోతారు?"

"వాళ్ళకి పైన వంతెన కట్టాను. పట్టాల మరమ్మతుకి నేను దిగాలి కదా, అందుకని వంపు దగ్గర ఒక గేటు పెట్టుకున్నాను. అది ఎప్పుడూ మూసే ఉంటుంది."

చిన్నవాడు ఇంక ఉండబట్టలేకపోయాడు. "అమ్మా, అసలు సంగతి చెప్పనా? ఇంత లైను వేసింది, ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఖాళీ ట్రాలీ పంపిస్తుంది. తను దాని వెనకాల నడుచుకుంటూ వెళ్ళి, చేరిందో లేదో చూసుకుని మళ్ళీ నడుచుకుంటూ వస్తుంది."

"నువ్వూరుకుంటావా?" అంది కోడలు.

"నిజమేనా?" అంది అత్తగారు.

అత్తగారు ఇంకో కాయ తీసి, ఈనె లాగి, పళ్ళెంలో పడేసింది. తర్వాత అంది, "అయితే నన్నెక్కించు."

"మీకు రాదత్తయ్యా. మీటలు నొక్కాలి."

"వీడికి అక్షరాలు దిద్దించింది నేనే. వీడు నాకు నాలుగు మీటలు నేర్పలేడా? మోకాళ్ళు పోయాక ఆ స్టేషను మెట్లెక్కలేక రైలు ముఖం చూడ్డం మానేశాను. కోడలు రైలు నడుపుతుందని వాడంతా చాటింపు వేసినదాన్ని, నీ బండి ఒక్కసారి కూడా ఎక్కలేదు నేను. ఇదైనా ఎక్కనీ."

చిన్నవాడు తన లాప్‌టాప్ తెచ్చి, అందులోనూ అదే ఆట, అదే లోకం తెరిచి తల్లి ముందు పెట్టేసరికి ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని సిద్ధంగా ఉంది.

నేర్చుకోవడం అంత సులువుగా జరగలేదు. ముందు ఆటలో ఆవిడ బొమ్మ మనిషి ఆకాశం వంక చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత వెనక్కి నడిచి చెరువులో పడ్డాడు.

"అయ్యో, మునిగిపోతున్నానురా!"

"ఈ పొడుగు మీట నొక్కమ్మా. పైకొస్తావు."

"వచ్చా. తడిసిపోయానా?"

"ఇందులో తడవరు."

"మంచి ఊరే. ఇదేదో తలుపులా ఉంది. అరె, తెరుచుకుంది!"

"తెరుచుకుంటే మళ్ళీ మూసెయ్యి."

"మూశా. మూశాననుకుంటా."

చిన్నవాడు మీటలు చూపిస్తూ ఆవిణ్ణి స్టేషను దాకా నడిపించాడు. అక్కడ రెండు ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి నిలిచి ఉన్నాయి. తల్లిని వెనక దాంట్లో ఎక్కించాడు. ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది, నిజంగానే కిటికీ పక్కన చోటు దొరికినట్టు.

"నువ్వు ముందు దాంట్లో ఎక్కవే," అంది కోడలితో.

"నేను ఇక్కణ్ణుంచి మీట నొక్కుతాను. మీరు వెళ్ళండి."

"డ్రైవరు లేని రైలు నేనెక్కను."

"ఇందులో డ్రైవరుకి పనేం ఉండదత్తయ్యా. పట్టాలే తోస్తాయి."

"పనుండకపోతే ఊరికే కూర్చో. ముందు నువ్వు కనబడుతుంటే నాకు ధైర్యం."

వసారాలో పెద్దవాడు బకెట్లో నీళ్ళు పట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆమె ఎక్కింది.

ట్రాలీ మెల్లగా కదిలి, సొరంగంలోకి దూరి వేగం అందుకుంది. చీకట్లో దివిటీలు ఒక్కొక్కటే వచ్చి వెనక్కి పోతున్నాయి. కోడలి వీపు నిటారుగా అయింది. సొరంగం నోరు కనబడగానే ఆమె ఎడమ చెయ్యి మౌసు పక్కన బల్ల మీద దేనికోసమో వెతికింది. హారను కోసమని చిన్నవాడికి అర్థమైంది. అతను చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"అబ్బ, ఎంత బాగుందే!" అంటోంది అత్తగారు. "చెరువు చూడు. ఇందాక నేను పడ్డది ఇదేగా? మన సామాను ఎవరూ ఎత్తుకుపోరు కదా ఇందులో?"

చెరువు దాటి పట్టాలు వంపు తిరిగాయి.

వంపు అవతల పట్టాల మధ్యన ఎవరో నిలబడి ఉన్నారు.

దిమ్మలతో చేసిన మనిషి. గోధుమరంగు అంగీ, పెద్ద ముక్కు. ఆ ఊరివాళ్ళలో ఒకడు. కోడలు మీటలన్నీ ఒక్కసారే నొక్కింది. ఏదీ బ్రేకు కాదు. కళ్ళు గట్టిగా మూసుకుంది.

టక్కుమని చిన్న చప్పుడు. వెంటనే ఇంకొకటి.

"ఎందుకాగిందే?" అంది అత్తగారు. "నా బండి వచ్చి నీ బండిని గుద్దింది."

కోడలు కళ్ళు తెరిచింది. ఆ మనిషి ట్రాలీకి ఎదురుగా అలాగే నిలబడి ఉన్నాడు. తల అటొకసారి, ఇటొకసారి తిప్పుతున్నాడు.

"గేటు తెరిచి ఉంది," అన్నాడు చిన్నవాడు. "అమ్మా, ఇందాక నువ్వు తీసింది ఈ తలుపే."

"మూశాననుకున్నానురా. పాపం, అతనికేం కాలేదుగా?"

"ఏం కాదమ్మా. ఇందులో ట్రాలీ తగిలితే ఎవరికీ ఏం కాదు. బండే ఆగిపోతుంది."

కోడలు నవ్వింది. ఆ నవ్వు విని చిన్నవాడికి భయం వేసింది.

"ఆగిందత్తయ్యా," అంది. "చూశారా. ఆగింది."

"ఆగిందే."

"నాది ఆగలేదు."

అత్తగారు లాప్‌టాప్ మీంచి చేతులు తీసేసింది.

"ఆయన నన్ను చూశాడు. హారను కొడుతూనే ఉన్నాను. బ్రేకు మొత్తం వేసేశాను. అది వేశాక ఇంక చెయ్యడానికేం ఉండదత్తయ్యా. బండి దాని దూరం అది పోయి ఆగాలి. అంతసేపూ నా చేతులు ఖాళీ. కూర్చుని చూడ్డమే. అందరూ వచ్చి నీ తప్పు లేదు, నీ తప్పు లేదు అన్నారు. నాకూ తెలుసు. తప్పు లేకపోయినా చూసింది నేనే కదా. అది ఎవరికి చెప్పను?"

అత్తగారు బీన్స్ పసరు అంటిన వేళ్ళతో కోడలి మణికట్టు పట్టుకుంది.

"ఎలా ఉంటాడే అతను?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. విచారణలో వేగం అడిగారు, దూరం అడిగారు, హారను ఎప్పుడు కొట్టావన్నారు.

"మీ పెద్దబ్బాయి వయసుంటుంది. సన్నగా ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు. ఏదో పనిలోంచి లేచి వచ్చినట్టు."

"ఊఁ. చెప్పు."

"చెప్పులు లేవు. పట్టాల పక్కన విప్పి పెట్టాడు. రెండూ ఒకచోట, వరసగా."

చెబుతూ ఆమె ఏడ్చింది. గట్టిగా కాదు. చాలా దూరం నడిచొచ్చిన మనిషి ఆయాసపడ్డట్టు ఏడ్చింది. చిన్నవాడు లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె అందుకుని గుటకలు వేసింది. గ్లాసు వణికింది గానీ ఒలకలేదు.

అప్పుడు చూశాడు చిన్నవాడు. వసారా గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలీదు. ముఖం చూస్తే మాత్రం, చెప్పుల మాట విన్నాడని తెలుస్తోంది.

పెద్దవాడి జేబులో భార్య ఫోను మోగింది.

రోజూ అయితే, ఆ ఫోను మోగగానే అతను వసారాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటాడు. ఇవాళ తీసి చూశాడు. భార్యని చూశాడు.

"మీ గురువుగారు," అన్నాడు.

ఫోను మోగుతూనే ఉంది. పెద్దవాడు నాలుగడుగులు వేసి వచ్చి, దాన్ని ఆమె ముందుకు చాపాడు.

"నువ్వే మాట్లాడు. నేను చెప్పిందంతా అబద్ధమని చెప్పాలనుకుంటే చెప్పు. నేనేమీ అనుకోను."

కోడలు కొంగుతో ముఖం తుడుచుకుని ఫోను తీసుకుంది.

"నమస్కారమండీ. నేనే."

"అమ్మయ్య," అన్నారు గురువుగారు. "నీ గొంతు విని ఎన్నాళ్ళయిందమ్మా. ఎలా ఉన్నావు?"

"బాగాలేనండీ. కుర్చీ పని మాత్రం నేనడగలేదు. మావారు చెప్పింది నా మాట కాదు. మళ్ళీ నడుపుతానో లేదో నాకింకా తెలీదు. తెలిసిన రోజు మీకు నేనే చెబుతాను. అందాకా ఆ బదిలీ కాగితం ఏదైనా ఉంటే ఆపండి."

పెద్దవాడు తల వంచుకున్నాడు. అత్తగారు కొడుకు చొక్కా అంచు పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆపుతాను. అదెంత పని," అన్నారు గురువుగారు. తర్వాత గొంతు తగ్గింది. "కానీ నేను ఫోను చేసింది దానికోసం కాదమ్మా. మీ ఆయనతో చెప్పి, నీకు తెలియనివ్వకుండా సర్దేద్దామనుకున్నాను. నువ్వే తీశావు."

"ఏమిటండీ?"

"డిపోకి ఒకావిడ వచ్చింది. ఆదివారం, ఎవరూ లేరు, వెళ్ళమ్మా అంటే గేటు దగ్గరే కూర్చుంది. ఎవరు నువ్వు అంటే... ఆ పోయినాయన భార్యనంది."

కోడలు బల్ల అంచు పట్టుకుంది.

"ఎందుకు వచ్చిందిట?"

"బండి నడిపినాయన్ని చూడాలంటోంది. మగవాడనుకుంటోంది. నేను కాదనీ చెప్పలేదు, అవుననీ చెప్పలేదు. కోపంగా ఉందా అంటే లేదు. ఏడుస్తోందా అంటే అదీ లేదు. ఏం అడుగుతుందో ఊహకి అందట్లేదమ్మా నాకు. ఇలాంటివాళ్ళని కలవనివ్వకూడదని మన రూలు. ఊరెళ్ళారని చెప్పి పంపేస్తాను. నువ్వు ఊఁ అను చాలు."

గదిలో ముగ్గురూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఫోనులో మాటలు పక్కనున్నవాళ్ళకి వినబడేంత గట్టిగానే ఉన్నాయి. పెద్దవాడు అప్పుడే తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, వద్దు అని పెదాలతోనే అంటున్నాడు.

"ఒక్కతే వచ్చిందా?" అంది కోడలు.

"ఒక్కతే."

"ఎండలో కూర్చుందా?"

"గేటు పక్కన కాస్త నీడుందిలే."

"లోపల కూర్చోబెట్టండి. మంచినీళ్ళివ్వండి."

"ఇస్తానమ్మా. ఇచ్చాక ఏం చెప్పను?"

కోడలు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, బల్ల కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటోంది.